అంకితమే గాని అమ్మకం కాదు: పరిశోధన వ్యాసాల ఉచిత వితరణ – రచయిత హక్కు

వ్యాస సంగ్రహం: అచ్చయిన తన వ్యాసాన్ని రచయిత ఉచితంగా పంచుకోవచ్చునా అన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. రాతపూర్వకమైన బదలాయింపు లేనంతవరకు ఆ హక్కు రచయితదేనని భారత కాపీరైట్ చట్టం, 1957 ఆధారంగా వాదిస్తుంది. పాలమూరు సంస్థానాల కృతిసమర్పణ సంప్రదాయాన్ని, గోలకొండ కవుల సంచికను ఇందుకు నేపథ్యంగా తీసుకుంటుంది. తెలుగు శాఖల పత్రికలు అనుసరిస్తున్న పద్ధతిని విమర్శించి, ఆచరణయోగ్యమైన మార్పులను సూచిస్తుంది.

కీలకపదాలు: గ్రంథస్వామ్యం, హక్కుల బదలాయింపు, సంస్థాన సాహిత్యం, ఉచిత వితరణ, పరిశోధన పత్రికలు.

1. ప్రస్తావన

పాత తెలుగు గ్రంథాల ముఖపత్రం వెనుక "సర్వస్వామ్య సంకలితము" అన్న మాట తరచుగా కనిపిస్తుంది. నేటి పరిశోధన పత్రికలు కొన్నింటిలో అదే మాట "సర్వహక్కులు ప్రచురణకర్తవి" అన్న రూపం దాల్చింది. ఆ హక్కులు ప్రచురణకర్తకు ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, ఏ కాగితం మీద ఇచ్చారు అన్న ప్రశ్న మాత్రం మన శాఖల్లో అరుదుగా వినిపిస్తుంది. ఛందస్సులో ఒక్క యతి తప్పితే పట్టుకునే పండితులం, మన రచనల మీద మన హక్కు గురించి రాసిన ఒక్క వాక్యాన్ని ప్రశ్నించకుండా వదిలేస్తున్నాం.

ఈ వ్యాసానికి ప్రేరణ ఒక చిన్న సంఘటన. వనపర్తి జిల్లా ఆత్మకూరుకు చెందిన ఒక డిగ్రీ విద్యార్థి, సంస్థాన సాహిత్యం మీద నేను రాసిన వ్యాసం కావాలని అడిగాడు. అది వెలువడిన పత్రిక ఆ ఊళ్ళో దొరకదు. దాన్ని చూడాలంటే అతడు మహబూబ్‌నగర్ దాటి హైదరాబాదు దాకా బస్సెక్కి రావాలి. తన ఊరి చరిత్రను చదువుకోవడానికి తన ఊరు విడిచి రావలసిన పరిస్థితి అది. వ్యాసం పీడీఎఫ్‌ను వాట్సాప్‌లో పంపాను. అది నలుగురి చేతులు మారి కొన్నాళ్ళకు ఆ పత్రిక బాధ్యుల దృష్టికి వెళ్ళింది. "మా పత్రికలో వచ్చినదాన్ని మీరెలా పంచుతారు?" అని ఫోనులో అడిగారు. హక్కులు ఇస్తున్నట్టు నేను సంతకం చేసిన కాగితం ఏదైనా ఉన్నదా అని వినయంగానే అడిగాను. "కాగితమెందుకు, అది ఆనవాయితీ" అన్నారు.

ఈ సమాధానాన్ని ఒక వ్యక్తి పొరపాటుగా నేను చూడడం లేదు. మన విద్యారంగంలో స్థిరపడిన ఒక అభిప్రాయానికి అది ప్రతిధ్వని. ఆ అభిప్రాయానికి సంప్రదాయంలోనూ ఆధారం లేదు, చట్టంలోనూ ఆధారం లేదు అన్నదే ఈ వ్యాస ప్రతిపాదన.

2. ఆత్మకూరు ఆనవాయితీ

ఆనవాయితీ ప్రసక్తి వచ్చింది గనుక ముందుగా ఆత్మకూరు ఆనవాయితీనే చూద్దాం. అమరచింత సంస్థానానికి రాజధాని ఆత్మకూరు. గద్వాల, వనపర్తి, జటప్రోలు, గోపాలపేట సంస్థానాలతో పాటు పాలమూరు ప్రాంతంలో తెలుగు కవిపండితులను ఆదరించిన సంస్థానాలలో ఇదొకటి. ఆంధ్ర సంస్థానాల సాహిత్య పోషణ మీద ఆచార్య తూమాటి దొణప్ప చేసిన పరిశోధన మన శాఖలన్నింటికీ పరిచితమే. ఆ పరిశోధన వెలుగులో పోషణ ఎంత జరిగిందన్న విషయాన్ని మనం చాలా చర్చించాం. ఆ పోషణకు ప్రతిఫలంగా పోషకుడికి దక్కింది ఏమిటన్న విషయాన్ని అంతగా చర్చించలేదు.

కృతిభర్తకు దక్కింది కీర్తి. అవతారికలో వంశవర్ణన, ఆశ్వాసాంతాల్లో సంబోధన, గద్యలో ప్రస్తావన అతడి భాగం. కవికి దక్కింది సంభావన: ధనం, శాలువ, కొన్ని సందర్భాల్లో భూమి. కృతిని "కన్య"గా భావించి "ఇచ్చినట్టు" చెప్పుకున్నా, దాని ప్రతిని ఎవరు రాసుకోవాలో, ఎవరు రాసుకోకూడదో శాసించే అధికారం అంకితంతో పోషకుడికి చేరలేదు. ఒకరికి అంకితమైన కావ్యాన్ని మరొక ఊరి లేఖకుడు తాటాకుల మీద ఎత్తి రాసుకుంటే అది అపహరణ కాలేదు. పైగా ఎన్ని ప్రతులు పుడితే కృతిభర్త కీర్తి అంతగా వ్యాపించేది. మూల్యం చెల్లించినవాడే వితరణను కోరుకున్న వ్యవస్థ అది.

ఈ సంప్రదాయాన్ని ఆదర్శంగా చిత్రించడం నా ఉద్దేశం కాదు. కవి పోషకుడి దయ మీద ఆధారపడి బతికాడు. తాటాకు ప్రతిని చదవగలిగిన అవకాశం కొన్ని కులాలకు, కొన్ని కుటుంబాలకు మాత్రమే దక్కింది. నేటి పాఠకుడు ఆ పరిమితిని కోరుకోడు. అయినా ఒక్క విషయం స్పష్టం. డబ్బిచ్చిన సంస్థానాధీశుడు సైతం అడగని హక్కును, రచయితకు రూపాయి ఇవ్వని పత్రిక అడుగుతున్నది. కొన్ని పత్రికలు రచయిత దగ్గరే ప్రచురణ రుసుము తీసుకుని మరీ ఆ హక్కును తమ పేర రాసుకుంటున్నాయి. దీన్ని ఆనవాయితీ అనడం ఆనవాయితీకే అపచారం.

సంస్థానాల నుంచి అచ్చు యుగానికి వచ్చినా ఇదే కనిపిస్తుంది. నిజాం రాజ్యంలో తెలుగు కవులు లేరన్న ఆక్షేపణకు సమాధానంగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. అందులో 354 మంది కవుల రచనలు చోటు చేసుకున్నాయి. ఒక ప్రాంతపు ఆత్మగౌరవాన్ని నిలబెట్టిన ఆ గ్రంథం పుట్టింది పంచుకోవడం నుంచే. కవులు తమ పద్యాలను పంపారు, సంపాదకుడు వాటిని సేకరించి కూర్చారు. నాటి రాజ్యపు చట్టాలను పక్కనపెట్టి నేటి చట్టపు దృష్టితో చూస్తే, ఎంపికకు, కూర్పుకు సంబంధించిన హక్కు సంపాదకుడిది. ప్రతి పద్యం మీద హక్కు దాన్ని రాసిన కవిది. ఈ రెండు హక్కులు వేర్వేరు. మన పత్రికలు కలగాపులగం చేస్తున్నది సరిగ్గా ఈ భేదాన్నే.

3. చట్టం చెప్పేదేమిటి?

కాపీరైట్ చట్టం, 1957లోని 17వ సెక్షన్ ప్రకారం రచనకు తొలి హక్కుదారు రచయిత. ఇందుకు రిజిస్ట్రేషన్ కూడా అక్కరలేదు. పత్రికల విషయంలో ఇదే సెక్షన్ ఒక మినహాయింపు ఇచ్చింది. పత్రికలో ఉద్యోగిగా ఉంటూ, ఉద్యోగ ధర్మంగా రాసిన రచన మీద పత్రిక యజమానికి హక్కు ఉంటుంది. ఆ హక్కు సైతం పత్రికా ప్రచురణకే పరిమితం, మిగిలిన విషయాల్లో తొలి హక్కుదారు రచయితే. జీతమిచ్చే యజమానికే చట్టం ఇంత పరిమితి విధిస్తే, జీతం గాని పారితోషికం గాని లేకుండా వ్యాసం పంపిన పరిశోధకుడి మీద పత్రికకు అంతకుమించిన హక్కు ఎలా వస్తుంది?

హక్కు చేతులు మారడానికి చట్టం ఒక మార్గం చూపింది. 19వ సెక్షన్ ప్రకారం బదలాయింపు రాతపూర్వకంగా ఉండాలి, దాని మీద రచయితో, అతడి తరఫున అధికారం పొందినవారో సంతకం చేయాలి. ఏ రచన, ఏ హక్కులు, ఎంత కాలం, ఏ ప్రాంతం అన్నవి అందులో ఉండాలి. కాలం చెప్పకపోతే ఐదేళ్ళుగా, ప్రాంతం చెప్పకపోతే భారతదేశానికి పరిమితమైనదిగా భావించాలి. 2012 సవరణ 18వ సెక్షన్‌కు మరొక రక్షణ చేర్చింది. ఒప్పందం నాటికి ఉనికిలో లేని, లేదా వాణిజ్య వాడుకలోకి రాని మాధ్యమాన్ని ప్రత్యేకంగా పేర్కొంటే తప్ప, బదలాయింపు ఆ మాధ్యమానికి వర్తించదు.

ఈ నేపథ్యంలో పత్రిక లోపలి పుటలో అచ్చయిన "సర్వహక్కులు" వాక్యం విలువెంత? అది ప్రకటనే గాని దస్తావేజు కాదు. గోడ మీద పేరు రాసుకున్నంత మాత్రాన ఇల్లు రిజిస్ట్రీ కాదు. వ్యాసంతో పాటు మనం పంపే హామీపత్రం కూడా బదలాయింపు కాదు. వ్యాసం నా సొంతమనీ, మరెక్కడా ప్రచురితం కాలేదనీ చెప్పే ఆ పత్రం జరిగిన విషయానికి పూచీ మాత్రమే. వ్యాసాన్ని పంపడమంటే ఆ సంచికలో అచ్చువేసుకోవడానికి సమ్మతించడం. ఆ సమ్మతిని శాశ్వతమైన, సంపూర్ణమైన దానంగా అర్థం చేసుకోవడానికి చట్టంలో ఆస్కారం లేదు.

పుట విన్యాసం పత్రికది గనుక అచ్చయిన పీడీఎఫ్‌ను పంచకూడదని కొందరంటారు. బ్రిటన్ చట్టం ప్రచురిత ప్రతి ముద్రణ విన్యాసానికి ప్రత్యేక రక్షణ ఇచ్చింది. మన చట్టంలో ప్రచురణకర్తకు అటువంటి ప్రత్యేక హక్కు లేదు. సంచిక మొత్తాన్ని, ముఖచిత్రాన్ని, సంపాదకీయాన్ని పంచే హక్కు నాకు లేదన్నది నిజమే. నా వ్యాసపు పుటలు వేరు. అప్పటికీ సందేహించేవారు తాము టైపు చేసి పంపిన ప్రతినే పంచుకోవచ్చు.

హక్కు రచయితది అయినప్పుడు దాన్ని వదులుకునే స్వేచ్ఛ కూడా రచయితదే. 21వ సెక్షన్ ప్రకారం రచయిత తన హక్కులన్నింటినీ లేదా కొన్నింటిని బహిరంగ ప్రకటన ద్వారా విడిచిపెట్టవచ్చు. 30వ సెక్షన్ ప్రకారం హక్కు తన దగ్గరే ఉంచుకుని, రాతపూర్వకంగా ఇతరులకు అనుమతి ఇవ్వవచ్చు. గాంధీ 1910లో వెలువరించిన "హింద్ స్వరాజ్" ఆంగ్ల ప్రతి మీద హక్కులేవీ తాను ఉంచుకోవడం లేదని ప్రకటించారు. అదే గాంధీ తర్వాతి కాలంలో తన రచనల హక్కులను నవజీవన్ సంస్థకు అప్పగించారు. రెండు నిర్ణయాలూ రచయితవే. ఎవరూ ఆయన తరఫున ఆనవాయితీ పేరుతో నిర్ణయించలేదు.

4. హక్కు ఆగే చోటు

రచయితకు ఉన్న ఈ స్వేచ్ఛ అపరిమితం కాదు. నాలుగు సందర్భాల్లో మనం ఆగవలసి ఉంటుంది. ఒకటి, వాణిజ్య ప్రచురణకర్తతో రాతపూర్వకంగా సంపూర్ణ బదలాయింపు జరిగి ఉంటే ఆ ఒప్పందం ముగిసేదాకా అది రచయితను బంధిస్తుంది. తన పుస్తకమే అయినా పంచడం అప్పుడు ఉల్లంఘన అవుతుంది. రెండు, సహరచయిత ఉన్న వ్యాసానికి ఇద్దరి సమ్మతి కావాలి. మూడు, అనువాదం మీద అనువాదకుడికి హక్కు ఉన్నా, మూల రచయిత అనుమతి పరిధి దాటకూడదు. నాలుగు, వ్యాసంలో చేర్చిన ఛాయాచిత్రాలు, ఇతరుల దీర్ఘ రచనాభాగాలు మనవి కావు. జానపద సాహిత్యంలో పనిచేసేవారు దీనికి తోడు మరొకటి గుర్తుంచుకోవాలి. పాట పాడి ఇచ్చిన వారి సమ్మతి పరిశోధన నీతిలో భాగం.

ఈ పరిమితులను ఒప్పుకుంటున్నాను గనుకనే మరొక మాట నిస్సంకోచంగా అనగలను. మన శాఖల పత్రికల్లో వచ్చే వ్యాసాల్లో ఏకరచయిత రాసి, ఏ బదలాయింపు పత్రమూ లేకుండా అచ్చయినవాటికి ఈ నాలుగు అడ్డంకుల్లో మొదటి రెండూ వర్తించవు. సొంత పరిశీలన, సొంత వాక్యం ఉన్న వ్యాసానికి మిగిలిన రెండూ వర్తించవు.

5. ఆక్షేపణలు – సమాధానాలు

మొదటి ఆక్షేపణ: పత్రిక నడపడానికి ఖర్చవుతుంది, వ్యాసాలు ఉచితంగా దొరికితే చందాదారులు రారు. ఖర్చు నిజమే. కాగితం, అచ్చు, తపాలా ఏదీ ఉచితం కాదు. అయితే విశ్వవిద్యాలయ శాఖ నడిపే పత్రికకు ఆధారం ప్రధానంగా ప్రజాధనం. వ్యాసకర్తకు పారితోషికం లేదు, సమీక్షకుడికీ సాధారణంగా లేదు. ఇంతమంది ఉచిత శ్రమతో తయారైనదాన్ని అదే శ్రమ చేసినవారు పంచుకోకూడదనడంలో న్యాయం కనిపించదు. తెలుగులో సాహిత్య గ్రంథాల పరిస్థితి మనకు తెలియనిది కాదు. పుస్తకం వెనుక "ప్రతులకు" అన్నచోట తరచుగా ఉండేది రచయిత ఇంటి చిరునామాయే. పెట్టుబడి, అమ్మకం రెండూ రచయితవే అయిన చోట ప్రచురణకర్త నష్టం అన్న వాదానికి తావే లేదు.

రెండవ ఆక్షేపణ: ఉచితంగా పెడితే గ్రంథచౌర్యం పెరుగుతుంది. ఇది మన శాఖల్లో బలంగా ఉన్న భయం. నా దృష్టిలో చౌర్యానికి రక్షణ కల్పిస్తున్నది మూసివేతే. గ్రంథచౌర్య నివారణకు విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో నిబంధనలు తెచ్చింది. పోల్చి చూసే యంత్రానికి మూలం అందుబాటులో ఉంటేనే ఆ నిబంధనలు పనిచేస్తాయి. మన పత్రికలు చాలా వరకు అను ఫాంట్లలో కూర్చి అచ్చవుతున్నాయి. వాటి పీడీఎఫ్‌లో ఒక తెలుగు మాటను వెతికితే దొరకదు. తెర మీద తెలుగుగా కనిపించేది యంత్రానికి అర్థం లేని గుర్తుల వరుస. యూనికోడ్‌లో, అందరికీ కనిపించే చోట ఉన్న వ్యాసం నుంచి ఒక పేరా ఎత్తుకుపోయినవాడు దొరికిపోతాడు. నాలుగు గ్రంథాలయాల అరల్లో ఉన్న సంచిక నుంచి ఎత్తుకుపోయినవాడు పట్టాతో బయటపడతాడు.

మూడవ ఆక్షేపణ: ఒకసారి అచ్చయినదాన్ని మళ్ళీ పంచడం ద్వితీయ ప్రచురణ అవుతుంది. ఒకే వ్యాసాన్ని కొత్త వ్యాసంగా మరొక పత్రికకు ఇవ్వడం తప్పు. అందులో సందేహం లేదు. తొలి ప్రచురణ వివరాలు స్పష్టంగా పేర్కొని ప్రతిని పంచడం వేరు. మొదటిది పాఠకుణ్ణి మోసం చేస్తుంది, రెండవది పాఠకుణ్ణి మూలానికి నడిపిస్తుంది.

నాలుగవ ఆక్షేపణ చట్టానిది కాదు, హోదాది. ఉచితంగా దొరికేదానికి విలువ ఉండదని మనవారి నమ్మకం. దీనికి సమాధానం మన కళ్ళ ముందే ఉంది. పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథాల ప్రతిని ఇన్‌ఫ్లిబ్‌నెట్‌కు సమర్పించాలని 2009 నుంచి వచ్చిన నిబంధనలు చెబుతున్నాయి. శోధ్‌గంగలో అవి అందరికీ ఉచితం. సిద్ధాంత గ్రంథం ఉచితంగా ఉన్నందువల్ల పట్టా విలువ తగ్గలేదు. మరి అదే గ్రంథంలోని ఒక అధ్యాయాన్ని వ్యాసంగా కుదించి పత్రికకు ఇస్తే, నాలుగు వందల పుటలు పంచుకోగలిగిన పరిశోధకుడు పది పుటలు పంచుకోవడం నేరం ఎలా అవుతుంది?

6. మన ద్వంద్వ నీతి

ఇంతవరకు పత్రికలను విమర్శించాను. ఇక పరిశోధకులమైన మనల్ని మనం చూసుకోవాలి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ప్రాజెక్టు స్కాన్ చేసిన వేలాది తెలుగు గ్రంథాలు నేడు ఆర్కైవ్ సైట్లలో దొరుకుతున్నాయి. వాటిని వాడకుండా మనలో ఎంతమంది సిద్ధాంత గ్రంథం పూర్తి చేశారు? వాటిలో హక్కుల కాలం తీరినవీ ఉన్నాయి, తీరనివీ ఉన్నాయి. ప్రతి గ్రంథాన్ని దింపుకునే ముందు రచయిత మరణ సంవత్సరం లెక్కించినవారు అరుదు. ఇతరుల గ్రంథాల విషయంలో మనకు ఏ సందేహమూ రాదు. నిస్సందేహంగా మనదైన వ్యాసం దగ్గరికి వచ్చేసరికి చట్టం గుర్తుకొస్తుంది. తీసుకోవడంలో ఉదారులం, ఇవ్వడంలో ధర్మశాస్త్రవేత్తలం.

ఈ మౌనానికి మూల్యం రాబోయే తరం చెల్లిస్తుంది. మన దేశంలో రచయిత మరణించిన మరుసటి సంవత్సరం ఆరంభం నుంచి 60 ఏళ్ళ పాటు హక్కు కొనసాగుతుంది. సురవరం 1953లో మరణించారు. "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" 2014 జనవరి 1 నుంచి అందరిదీ అయింది. అదే లెక్క నాకు వర్తింపజేసి చూడండి. ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో వ్యాసం రాసిన పరిశోధకుడు డెబ్బై ఐదేళ్ళు బతికితే, ఆ వ్యాసం రాసిన నాటి నుంచి 107 ఏళ్ళ దాకా ఎవరో ఒకరి అనుమతి అవసరమవుతుంది. ఆనాటికి పత్రిక ఉండదు, అనుమతి ఇవ్వవలసిన వారసులకు తమకు అటువంటి హక్కున్న సంగతే తెలియకపోవచ్చు. గోలకొండ కవుల సంచికలోని 354 మంది కవుల వారసులను వెతికి అనుమతి తెమ్మంటే ఎవరు తేగలరు? రచయిత జీవించి ఉండగా ఒక్క వాక్యం రాసి పెడితే తీరే సమస్య అది.

2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం "ఒకే దేశం – ఒకే చందా" పథకాన్ని ఆమోదించింది. 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 పత్రికలు మన విద్యాసంస్థలకు అందడానికి మూడేళ్ళకు సుమారు 6,000 కోట్ల రూపాయలు కేటాయించింది. తెరవడానికి ఇంత ఖర్చవుతున్న తాళాలు ప్రపంచంలో ఉన్నాయి. తెలుగు పరిశోధనకు అటువంటి తాళం లేదు. ఉన్నదనుకుని మనమే తలుపు దగ్గర నిలబడి ఉన్నాం.

7. సూచనలు – ముగింపు

శాఖల పత్రికలు తక్షణం చేయగలిగిన పనులు మూడు ఉన్నాయి. మొదటిది, "సర్వహక్కులు ప్రచురణకర్తవి" అన్న వాక్యాన్ని తొలగించి, "వ్యాసాల మీద హక్కు ఆయా రచయితలది, తొలి ప్రచురణను పేర్కొని వారు పంచుకోవచ్చు" అని అచ్చువేయాలి. రెండవది, నిజంగా ఏదైనా హక్కు అవసరమని పత్రిక భావిస్తే దాన్ని హామీపత్రంలో కలపకుండా, కాలపరిమితితో వేరే పత్రంగా రచయిత ముందుంచాలి. మూడవది, వ్యాసాలను యూనికోడ్‌లో భద్రపరచి, పాత సంచికలను రచయితల అనుమతితో అందరికీ అందించాలి. పరిశోధకులు చేయవలసింది ఒక్కటే: చదవకుండా సంతకం చేయకపోవడం.

2025లో తెలంగాణ శాసనసభ తెలుగు విశ్వవిద్యాలయానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టే బిల్లును ఆమోదించింది. సముచితమైన గౌరవం అది. లేరన్నవారికి 354 మందిని చూపిన వ్యక్తి పేరు పెట్టుకుని, ఉన్న పరిశోధనను అరల్లో దాచుకుంటే ఆ గౌరవం అక్షరాల దగ్గరే ఆగిపోతుంది.

ఈ వ్యాసాన్ని పత్రికకు పంపుతూ నేను హామీపత్రం ఇచ్చాను. బదలాయింపు పత్రం ఇవ్వలేదు. కనుక 30వ సెక్షన్ నాకిచ్చిన అధికారంతో రాతపూర్వకంగా ఈ అనుమతి ఇస్తున్నాను: రచయిత పేరును, తొలుత ప్రచురించిన ఈ పత్రిక పేరును పేర్కొని, పాఠాన్ని మార్చకుండా, ఈ వ్యాసాన్ని ఎవరైనా చదవవచ్చు, ప్రతి తీసుకోవచ్చు, ఉచితంగా పంచవచ్చు. నా అనంతరం కూడా ఈ అనుమతి వర్తిస్తుంది. తొలి ప్రతి ఆత్మకూరుకు పంపుతున్నాను.